మాట అందిస్తే తీసుకోని మనిషి

ఆయన పోయిన సంగతి నాకు ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ మెట్ల మీద తెలిసింది. మా పాత బ్యాచ్ గ్రూపులో ఎవరో ఒక్క ముక్కలో పెట్టారు. దాని కింద నలుగురు దండం బొమ్మలు పెట్టారు. ఐదో మనిషి పొరపాటున పుట్టినరోజు కేకు బొమ్మ పెట్టి, కంగారుగా తీసేసి, మళ్ళీ దండం పెట్టింది. ఆ ఐదో మనిషిని నేనే. కళ్ళజోడు సంచి అడుగున ఉండిపోయింది.

పేరు రాయడం లేదు. తన పేరు చెప్పడానికి ఆయనకి ఒక్కోసారి చాలాసేపు పట్టేది. అంత కష్టపడి చెప్పుకున్నదాన్ని నేను చిటికెలో రాసెయ్యడం బాగుండదనిపిస్తోంది.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వెళ్ళే దారిలో ఒక సందులో, బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్ పైన, మూడో అంతస్తులో ఉండేది మా కాలేజీ. మాటలో, భాషలో ఇబ్బంది ఉన్న పిల్లలకి చదువు ఎలా చెప్పాలన్నది మా పీజీ కోర్సు. కింద అంతస్తులో వందమంది లెక్కల సూత్రాలు వల్లెవేస్తుంటే, పైన మేం తొమ్మిదిమందిమి అద్దాలు పట్టుకుని నాలుక ఎక్కడ ఆనుతోందో చూసుకునేవాళ్ళం. దారి తప్పి పైకి వచ్చిన కోచింగ్ కుర్రాళ్ళు మమ్మల్ని ఒకసారి చూసి, ఏమీ అడక్కుండా దిగిపోయేవారు.

ఆ తొమ్మిదిమందిలో ఎనిమిదిమందిమి ఇరవై దాటిన వాళ్ళం. ఆయనకి నలభై. హయత్‌నగర్ అవతల సర్కారు బడిలో టీచరు. చదువుకోసం సెలవు పెట్టి వచ్చారు. పోచంపల్లి వైపు చేనేత కుటుంబం. వారానికి ఆరు ఇక్కత్ చొక్కాలు, ఏడోది ఉతుకులో. ఆయనకి నత్తి. కొంచెం కాదు, బాగానే.

ఇంటర్వ్యూలో మా హెడ్ సారు అడిగారట: "మీకే మాట తడబడుతోంది. మీరు పిల్లలకి మాట ఎలా నేర్పుతారండీ?"

"కంటి డాక్టర్లకు అద్దాలుండయా సార్?" అన్నారట ఈయన. సీటు వచ్చింది.

ఆయన మాటల్ని ఇక్కడ నేను నేరుగానే రాస్తున్నాను. మధ్యలో చుక్కలు పెడితే చదివేవాళ్ళు వాటిని దాటేసి పోతారు. ఎదురుగా కూర్చున్నవాళ్ళకి ఆ వీలు ఉండేది కాదు.

నత్తి ఉన్న మనిషి ఎదుట మనమందరం ఒక తప్పు చేస్తాం. మాట అందిస్తాం. జాలితో కొందరు, తొందరతో కొందరు. ఆయన అందించిన మాట తీసుకునేవారు కాదు. ఎవరైనా ఊహించి చెప్పేస్తే, అది సరైనదే అయినా సరే, అప్పటికప్పుడు వేరే మాటకి మళ్ళేవారు.

మొదటి నెలలోనే చూశాను. కాలేజీ ఎదురు హోటల్లో తొమ్మిదిమందిమీ కూర్చున్నాం. హోటలతను వచ్చి నిలబడ్డాడు. ఈయన "చా" దగ్గర ఆగిపోయారు. మాలో ఒకమ్మాయి గబుక్కున "చాయ్ సార్, చాయ్" అంది.

ఈయన ఆమెవైపు ఒకసారి చూసి, "చాకు" అన్నారు.

హోటలతను మర్యాదస్థుడు. ఏమీ అడగలేదు. లోపలికి వెళ్ళి ఉల్లిగడ్డలు కోసే చాకు కడిగి తెచ్చి ప్లేటులో పెట్టాడు. ఈయన దాన్ని కాసేపు చూసి, థాంక్స్ చెప్పి తిరిగిచ్చేశారు. ఆ రోజు ఆయన చాయ్ తాగలేదు.

"ఎందుకన్నయ్యా అంత పట్టుదల?" అని తర్వాత అడిగాను. మాది తెనాలి దగ్గర. నాన్న ఉద్యోగం వల్ల చిన్నప్పుడే దిల్‌సుఖ్‌నగర్ వచ్చేశాం. ఇంట్లో మాట మాత్రం అక్కడిదే ఉండిపోయింది. నేను ఆయన్ని అన్నయ్యా అనేదాన్ని, ఆయన నన్ను చెల్లె అనేవారు.

"ఇయ్యాల తీస్కుంటే రేపటిసంది అందరు అందిస్తరు చెల్లె," అన్నారు. "మల్ల నేను మాట్లాడుడు ఎందుకు?"

అవి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజులు. వారంలో ఒకరోజు బంద్, ఒకరోజు రాస్తారోకో, మిగిలిన రోజుల్లో క్లాసులు. ఆయన బంద్ ముందురోజు నాకు ఫోన్ చేసేవారు. ఫోన్లో మాట ఇంకా కష్టం. నేను రిసీవర్ పట్టుకుని నిలబడితే, మా నాన్న పేపరు మీదనుంచి చూసి "ఎవరూ, మాట్లాడరేం?" అనేవారు. "మాట్లాడుతున్నారు నాన్నా," అనేదాన్ని.

"రేపు రాకు చెల్లె," అనేవారు చివరికి. "బండ్లు ఆపుతరు. ఆపెటోళ్ళల్ల నేను గూడ ఉంట. నిన్ను ఆపలేను, ఇడిసిపెట్టలేను. ఎందుకొచ్చిన పరేషాన్."

ఒకసారి ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు జరిగింది. హైవే మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తినడం అప్పటి నిరసన పద్ధతి. నన్ను రమ్మన్నారు. నేను వెనకాడాను.

"ఆంధ్రోళ్ళకు గూడ పెడ్తరు. పప్పుల జర కారం ఎక్కువుంటది, గంతే," అన్నారు.

వెళ్ళాను. అక్కడ నేను మొదటిసారి ఆయన నత్తి లేకుండా మాట్లాడడం విన్నాను. గుంపుతో కలిసి నినాదం ఇస్తున్నారు. ఎక్కడా తట్టుకోలేదు. గొంతు గంటలా ఉంది. నలుగురితో కలిసి ఒకే మాట అన్నప్పుడు నత్తి పోతుందని మా పుస్తకాల్లో ఉంది. దానిమీద సెమినార్ చెప్పిందాన్ని కూడా నేనే. చెప్పడం వేరు, ఎండలో తారురోడ్డు మీద నిలబడి చూడడం వేరు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పప్పులో కారం కూడా నిజంగానే ఎక్కువ.

భోజనాల మధ్యలో ఎవరో, టీచరు కదా అని, ఆయన చేతికి మైకు ఇచ్చారు. గుంపు నిశ్శబ్దమయింది. ఆయన నోరు తెరిచి "నీ" దగ్గర ఆగారు. ముందు వరసలో కుర్రాళ్ళకి అర్థమైపోయింది. "నీళ్ళు!" అని ఒకడు అందించాడు. ఇంకొకడు "నిధులు" అన్నాడు. నినాదం పూర్తిచేస్తూ చౌరస్తా మొత్తం "నియామకాలు" అంది. చప్పట్లు, ఈలలు. ఆయన అవన్నీ తగ్గేదాకా మైకు పట్టుకుని నిలబడ్డారు.

"నిలబడి తింటే అరగది. కూసోని తినుండ్రి," అని మైకు ఇచ్చేశారు.

తిరిగి వస్తుంటే అడిగాను, అసలు ఏం చెబుదామనుకున్నారని.

"నీళ్ళే," అన్నారు. "మా బాయిల నీళ్ళు ఎండిపోయినయ్, అద్దకానికి లేవు, గా ముచ్చట. కని గాళ్ళే అనేసిండ్రు గద."

రెండో సంవత్సరంలో నా దగ్గరికి ఒక పాప వచ్చింది. రెండో తరగతి. నాన్న కొత్తపేట పండ్ల మార్కెట్లో పెట్టెలు మోసే పని. చదువుతున్న ప్రైవేటు బడివాళ్ళు ఒక చీటీ రాసి పంపారు: పిల్ల మాట సరిగా లేదు, మామూలు బడికి తగునో కాదో పరీక్షించి చెప్పగలరు.

నేను పరీక్షించాను. మా కాలేజీలో బొమ్మల కార్డుల పెట్టె ఒకటి ఉండేది. బొమ్మ చూపించాలి, పిల్ల పేరు చెప్పాలి, వెనకున్న జవాబుతో సరిపోల్చాలి. అది ఎప్పుడో కోస్తా జిల్లాల్లో తయారైన పెట్టె. ఉల్లిపాయ బొమ్మకి పాప "ఉల్లిగడ్డ" అంది. బంగాళాదుంపకి "ఆలుగడ్డ". వేరుశనగకి "పల్లి". ఆసుపత్రికి "దవాఖాన". మామిడిపండు బొమ్మ చూసి ఒక నిమిషం ఆలోచించి "బేనిషాన్" అంది. అన్నిటికీ ఇంటూ పెట్టాను. సబ్బుని "తబ్బు" అంది, సంచిని "తంచి" అంది. వాటికీ పెట్టాను. అన్నీ కలిపి కూడి, పదసంపదలోనూ ఉచ్చారణలోనూ లోపం, తీవ్రత మధ్యస్థం అని నీట్‌గా రాసి, హెడ్ సారు సంతకం అయ్యేదాకా కూడా ఆగకుండా ఒక కాపీ బడికి పంపేశాను. నా మొదటి రిపోర్టు. మా నాన్నకి కూడా చూపించాను.

ఈయన ఆ ఫైలు ఎందుకు తీశారో తెలియదు. చాలాసేపు చదివారు. తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"మా అమ్మ గూడ ఆలుగడ్డనే అంటది చెల్లె," అన్నారు. "రేపు పట్కొస్త. ఆమెకు గూడ ఒక ఫైలు తెరువు."

నాకు కోపం వచ్చింది. టెస్టులో ఉన్నదే రాశానన్నాను. హెడ్ సారు కూడా అదే అన్నారు. సారు చెడ్డ మనిషి కాదు, పద్ధతి మనిషి. "జవాబులు మనం మార్చకూడదండీ. అది టెస్టు," అన్నారు.

ఆ శనివారం ఈయన కార్డుల పెట్టె అడిగి ఊరికి పట్టుకుపోయారు. సోమవారం తిరిగి తెచ్చారు. హెడ్ సారునీ మిగిలినవాళ్ళనీ కూర్చోబెట్టి, నన్ను పిల్లలు కూర్చునే చిన్న కుర్చీలో కూర్చోమన్నారు. పక్కన ఒక నోటుబుక్కు. అందులో ప్రతి బొమ్మకీ వాళ్ళమ్మ చెప్పిన జవాబు.

"గిదేంది చెల్లె?"

"బంగాళాదుంప."

ఇంటూ.

"గిది?"

"ఉల్లిపాయ."

ఇంటూ.

"మంచిగ చూసి చెప్పు. తొందర లేదు. గిది?"

"ఆసుపత్రి," అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. వెనక ఎవరో నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. పిల్లలతో ఎలా ఉంటారో అలాగే, ఎంతో ఓపికగా, పెట్టెలో చివరి కార్డుదాకా చూపించారు. తర్వాత రిపోర్టు రాసి చదివారు. చదవడానికి పావుగంట పట్టింది, ఎవరూ కదల్లేదు. "వయస్సు ఇరవై నాలుగు. పిల్ల హుషారు. చెప్పిన మాట వింటది. పదసంపదల లోపమున్నది, తీవ్రత మధ్యస్థం. తల్లిదండ్రులు ఇంట్ల కూడ గిట్లనే మాట్లాడ్తరని తెలిసింది. రెండేండ్లు తర్ఫీదు ఇస్తే మామూలు బడికి పోవచ్చు."

అప్పుడు కూడా నవ్వారు కొందరు. నేను నవ్వలేకపోయాను. ఆ చిన్న కుర్చీలో కూర్చుని, తెలిసిన బొమ్మకి తెలిసిన పేరే చెబుతున్నా, ఎదుటి చెయ్యి ఇంటూ పెడుతుంటే ఎలా ఉంటుందో నాకు మొదటిసారి తెలిసింది. ఆ పాప "బేనిషాన్" అనే ముందు ఒక నిమిషం ఎందుకు ఆలోచించిందో కూడా తెలిసింది. మామిడిపండని ఎవరైనా అంటారు. అందులో ఏ రకమో ఆ పిల్ల చెప్పింది.

హెడ్ సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అయితే పాపకి ఏ ఇబ్బందీ లేదంటారా?"

"ఉన్నది సార్," అన్నారు ఈయన. "మనం చూడలే. ఆలుగడ్డల కింద పడిపోయింది."

మర్నాడు పాపని పిలిపించారు. ఆమె వెనక నిలబడి మెల్లగా పేరు పెట్టి పిలిచారు. పలకలేదు. ముందుకి వచ్చి అదే గొంతుతో పిలిస్తే పలికింది. ఆమె మన పెదాలు చూస్తోంది. చెవుల్లో ఏదో ఉంది. "స" లాంటి సన్నటి శబ్దాలు ఆమెదాకా చేరడం లేదు. నేను దాన్ని ఉల్లిగడ్డల పక్కనే, అదే ఎర్ర పెన్నుతో, ఒకే లెక్కలో కూడేశాను. సర్కారు దవాఖానలో చూపిస్తే చెవుల్లో నీరు చేరిందన్నారు. మందులతో నయమవుతుందన్నారు.

ఈలోపు బడివాళ్ళు నా కాపీ అందుకుని పిల్ల పేరు కొట్టేశారు. నేను కొత్త రిపోర్టు పట్టుకుని బయల్దేరితే ఆయన కూడా వచ్చారు. ప్రిన్సిపల్ మేడం నా మొదటి కాగితం తీసి చూపించింది. "మీరు రాసిందే కదమ్మా? ఇది మీ సంతకమే కదా?"

నేను అవునన్నాను.

"సీటు వేరేవాళ్ళకి ఇచ్చేశాం. ఏమైనా చెప్పాలా?" అంది ఆవిడ, ఆయనవైపు తిరిగి, గడియారం చూసుకుంటూ.

ఆయన కుర్చీ ముందుకి జరుపుకుని చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడ రెండు మూడు చోట్ల మాట అందించింది. అందించినప్పుడల్లా ఆయన వాక్యం మొదటికి వచ్చేది. బయట ఫీజుల కోసం, టీసీల కోసం వచ్చిన తల్లిదండ్రులు గుమ్మంలో మూగారు. కాసేపటికి ఆవిడ అందించడం మానేసింది. గడియారం చూడడమూ మానేసింది. పాపకి వినపడదు, మాట వచ్చు, తెలివి ఉంది, మేం తప్పు రాశాం, తప్పు మాది, శిక్ష పిల్లకి వద్దు. ఆయన చెప్పింది ఇంతే. అది అరగంట పైన పట్టింది. "నువ్వు" అనలేదు, "ఆమె" అనలేదు. "మేం తప్పు రాసినం" అన్నారు. గుమ్మంలో ఒక ముసలాయన "పాపం, రాసుకోండమ్మా పిల్ల పేరు," అన్నాడు. ఆవిడ రాసుకుంది.

బయటికి వచ్చాక మొదటి రిపోర్టు చింపబోయాను. ఆయన నా చేతిలోంచి తీసుకుని, మడతలు సాపు చేసి, మళ్ళీ ఫైల్లో పెట్టారు. దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. చెవులు బాగయ్యాక ఆ పాపకి "స" నేను నేర్పాను, నాలుగు నెలలు పట్టింది. మొదట వచ్చిన మాట "సార్".

మౌఖిక పరీక్షలో మేం ఎనిమిదిమందిమి పాసయ్యాం. ఆయన తప్పారు. బయటినుంచి వచ్చిన పరీక్షకురాలు దయగల మనిషి. ఆయన ఎక్కడ ఆగితే అక్కడ సరైన మాట అందించింది. ఆయన అన్నిచోట్లా వేరే మాటకి మళ్ళారు. తలుపు బయటినుంచి వింటున్న నాకు కూడా ఆమె జవాబులు సరైనవనీ ఈయనవి తప్పులనీ తెలుస్తూనే ఉంది. ఆ ఒక్క పూటకి ఆమె మాట తీసుకోవచ్చు కదా అని నా ప్రాణం కొట్టుకుంది.

"ఎలా అయిందన్నయ్యా?" అన్నాను బయటికి రాగానే.

"ఆమెకు అన్ని వచ్చినయ్," అన్నారు. "పాసయితది."

నవ్వలేదు. సంచి తీసుకుని మెట్లు దిగిపోయారు. ఆ రోజు బస్సులు లేవు. సమ్మె. హయత్‌నగర్ దాకా నడిచే వెళ్ళారని తర్వాత తెలిసింది.

ఆరునెలల తర్వాత మళ్ళీ పరీక్ష పెట్టారు. ఈసారి హెడ్ సారు పరీక్షకుడి పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నారట. అతను మాట అందించబోయినప్పుడల్లా సారు చెయ్యి కొద్దిగా ఎత్తేవారట, ట్రాఫిక్ పోలీసులా. గంటన్నర పట్టింది. ఈయన పాసయ్యారు. ఆ తర్వాత ఆ కార్డుల పెట్టెలో ప్రతి బొమ్మ వెనకా రెండేసి జవాబులు రాయించింది కూడా హెడ్ సారే.

రాష్ట్రం వచ్చింది. మేం ఎవరి పనుల్లో వాళ్ళం పడ్డాం. ఆయన తన బడికే తిరిగి వెళ్ళారు. ఏడాదికో రెండేళ్ళకో ఫోన్ చేసేవారు. నేను రిసీవర్ పట్టుకునే రోజులు పోయి, సెల్లు చెవిదగ్గర పెట్టుకుని వంట పని చేసుకునేదాన్ని. రెండు సార్లు, ఏమీ వినపడక, సిగ్నల్ లేదేమో అనుకుని పెట్టేశాను. ఇది రాయకుండా ఉంటే బాగుండేది.

పన్నెండో రోజు నాటికి వాళ్ళ ఊరు వెళ్ళాను. ముందు గదిలో వాళ్ళమ్మ కూర్చుని ఉంది. ఎనభై దాటి ఉంటాయి. వేళ్ళు చిన్న చిన్నగా కదులుతున్నాయి. పెళ్ళయి వచ్చినప్పటినుంచి ఆసు పోసిన చెయ్యి అని కోడలు చెప్పింది. చీరకి నూలు ఒక్కొక్క పోగుగా మేకుల చుట్టూ తిప్పుతూ పోయాలి. చెయ్యి వేలసార్లు ఆ కొసకీ ఈ కొసకీ తిరగాలి.

నేను ఎవరో చెప్పాను. ఆవిడకి తెలుసు.

"ఆలుగడ్డ పిల్లవా?" అంది. "కూసో బిడ్డ. తిన్నవా?"

తిన్నానన్నాను. మా వృత్తిలో ఎవరింటికి వెళ్ళినా మొదట అడిగే ప్రశ్న ఒకటుంది. అడగాల్సిన సమయం కాదని తెలుసు. నోరు అలవాటుపడిపోయింది.

"అన్నయ్యకి నత్తి ఎన్నో ఏట మొదలయిందమ్మా?"

ఆవిడ నావైపు అదోలా చూసింది. కోపం కాదు. మాట అర్థం కానట్టు.

"ఇంట్ల ఏం లేకుండె బిడ్డ," అంది. "నేను ఆసు పోస్తుంటి, వాడు పక్కపొంటి కూసోని ముచ్చట చెప్తుండె. పొద్దంత చెప్తుండె. చీర అయిపోయేది, వాని ముచ్చట ఒడవకపోయేది. జర నిమ్మలంగ చెప్తుండె, గంతే."

వేళ్ళు ఆగాయి. ఇంకేదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఉంది. ఇలాంటిది మూడేళ్ళకో నాలుగేళ్ళకో మొదలవుతుందని పుస్తకాల్లో ఉంటుంది. నేను ఆ మాట అందించలేదు.

"బళ్ళె ఏసినంక వచ్చింది," అంది ఆవిడ.